పవిత్ర వారంలో ఇంటిల్లిపాదీ అలసిపోకుండా గడపడం ఎలా?

కతోలిక కుటుంబానికి ఏడాది మొత్తంలో ఊపిరి సలపని వారం ఏదంటే పవిత్ర వారమే. మ్రానికొమ్మల (మట్టల) ఆదివారంతో మొదలై పునరుత్థాన ఆదివారం (ఈస్టర్) దాకా గుడిలో సాంగ్యాలు, అంటే ఆరాధన కార్యక్రమాలు, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. గీతబృందం సాధనలు, పూజలో గురువుకు సాయపడే పీఠసేవకుల శిక్షణ, పాపసంకీర్తనానికి (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడానికి) వరుసలు, ప్రభువు సిలువ యాత్రను ధ్యానించే సిలువమార్గం, రాత్రి జాగరణ వీటికి తోడవుతాయి. ఇన్ని ఉన్నాయి కదా అని ఇంటి పని, ఉద్యోగం, పిల్లల చదువు ఆగవు. క్రీస్తు జయంతికి ఒక్క రాత్రి మేలుకుంటే సరిపోతుంది. ఈ వారంలో మాత్రం గురువారం సాయంత్రం మొదలైన ఒరవడి శనివారం అర్ధరాత్రి దాటాక గానీ తగ్గదు.

విచారణలో, అంటే తమ గుడి పరిధిలోని సంఘంలో, ఏదో ఒక బాధ్యత మోస్తూ, ఇంట్లో పసిపిల్లలనో పెద్దవారినో చూసుకుంటున్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. దీనికి ఆధారం ఒకే ఒక్క నియమం. ఇంటికి సంబంధించిన పనులన్నీ బుధవారం రాత్రికి ముగియాలి, గురువారం సాయంత్రం నుంచి ఇల్లు గుడి వేళలను బట్టి నడవాలి. మిగిలిన సూచనలన్నీ ఈ నియమం నుంచి వచ్చినవే.

మొదట తేదీలు, వేళలు తెలుసుకోండి

పునరుత్థాన పండుగకు స్థిరమైన తేదీ లేదు. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే మొదటి పౌర్ణమిని చూసి, దాని తరువాతి ఆదివారాన్ని పండుగగా పాటిస్తారు కనుక, అది మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏ ఆదివారమైనా కావచ్చు. ఇక్కడ పౌర్ణమి అంటే శ్రీసభ (కతోలిక సంఘం) పట్టికల ప్రకారం లెక్కించినదే తప్ప ఆకాశంలో కనిపించేది కాదు, ఒక్కోసారి రెండింటికీ కొద్దిగా తేడా వస్తుంది. ఆ లెక్కన పండుగ 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న, 2028లో ఏప్రిల్ 16న వస్తుంది. సెలవు అడగవలసిన వారు ఈ తేదీలను ఏడాది మొదట్లోనే గుర్తు పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే పవిత్ర శుక్రవారం అన్ని చోట్లా, అన్ని ఉద్యోగాలకూ సెలవు కాదు.

పండుగకు రెండు వారాల ముందు విచారణ కార్యాలయం నుంచి వేళల పట్టిక తెచ్చుకోండి. అందులో ముందుగా మూడింటి కింద గీత గీయండి: గురువారం సాయంత్రం ప్రభువు కడరా భోజన పూజ, శుక్రవారం మధ్యాహ్నం ప్రభువు శ్రమల (సిలువ బాధల) సాంగ్యం, శనివారం రాత్రి పాస్క (పునరుత్థాన పండుగ) జాగరణ. ఈ మూడూ వేర్వేరు కార్యక్రమాలుగా కనిపించినా నిజానికి మూడు రోజుల పాటు సాగే ఒకే ఆరాధన. గురువారం పూజ చివర దీవించి పంపే మాటలు ఉండవు, శుక్రవారం అందరూ మౌనంగా వెళ్ళిపోతారు, ముగింపు శనివారం రాత్రి జాగరణలోనే వినబడుతుంది. అందుకే మూడు రోజులూ తలో అరగంట కనబడి వచ్చే కంటే, ఒక సాంగ్యంలో మొదటి నుంచి చివరి దాకా నిలబడడమే మేలని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి చాలామందికి తెలియక అనవసరంగా మథనపడుతుంటారు. గురువారం, శుక్రవారం సాంగ్యాలకు తప్పనిసరిగా రావాలన్న విధి లేదు. విధిగా ఉన్నది ఆదివారపు పూజ ఒక్కటే, అది శనివారం రాత్రి జాగరణలో పాల్గొన్నా తీరుతుంది, ఆదివారం పగటి పూజతోనూ తీరుతుంది. కాబట్టి నెలల బిడ్డ ఉన్న తల్లి, మంచం పట్టిన వారి పక్కన ఉండవలసిన కొడుకు తాము ఏదో అపరాధం చేస్తున్నామని భావించనక్కర లేదు.

ఎవరికి ఏ పని అన్నది రాసి పెట్టుకోండి

ఇప్పుడు ఇంట్లో ఉన్న వారందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ కట్టుబడి ఉన్నారో ఒక కాగితం మీద రాయండి. తల్లి గీతబృందంలో, కొడుకు పీఠసేవకుల్లో, కూతురు బైబిలు పఠనం చదివేవారిలో, తండ్రి జనాన్ని వరుసలో నిలబెట్టే వారిలో ఉన్నారనుకుంటే, నలుగురూ ఒకే పూజకు వెళ్తూ కూడా నాలుగు వేర్వేరు వేళలకు గుడిలో ఉండాలి. చిక్కు వచ్చేది ఇక్కడే. పీఠసేవకుడు ముప్పావు గంట ముందు చేరాలి, గీతబృందం అంతకంటే ముందు స్వరం సరిచూసుకోవాలి, ఇంట్లో ఉన్న పసివాడు మాత్రం సరిగ్గా ఆ వేళకే నిద్రపోతాడు.

నేను చెప్పేది కొంచెం కటువుగా అనిపించవచ్చు కానీ, ఈ వారంలో మనిషికి ఒక్క బాధ్యతే ఉండాలి. పాడే మనిషి పఠనం కూడా చదివి, పూలు కూడా అలంకరించి, జాగరణ తరువాత ఊడ్చే పని కూడా తలకెత్తుకుంటే, ఆ భారం మోసేది ఆ మనిషి ఒక్కరే కాదు, ఇల్లంతా మోయాలి. రెండో బాధ్యత అడిగినప్పుడు విచారణ గురువుతో మర్యాదగా, వెంటనే, "ఈసారికి కుదరదు ఫాదర్, గీతబృందంలో ఉన్నాను" అని చెప్పండి. ముందే చెప్తే ఆయన మరొకరిని చూసుకుంటారు. బుధవారం రాత్రి చెప్తేనే ఆయనకు ఇబ్బంది.

అదే కాగితం మీద ఇంట్లో ఎవరు ఉంటారన్నది కూడా రాయాలి. పసిబిడ్డ గానీ నడవలేని పెద్దవారు గానీ ఉంటే, పెద్దలు వంతులు వేసుకోండి. గురువారం ఒకరు, శుక్రవారం మరొకరు ఇంట్లో ఉంటే, శనివారం జాగరణకు ఎవరు వెళ్ళాలన్నది చివరి నిమిషంలో వాదనగా మారదు.

మంచం మీద ఉన్నవారికి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) కావాలంటే ఆ సంగతి సోమవారానికల్లా గురువుకు చెప్పండి. గురువారం, శుక్రవారం రోగుల దగ్గరకు ఏ వేళనైనా దివ్యసత్ప్రసాదం తీసుకురావచ్చు. శనివారం పగలు మాత్రం మరణావస్థలో ఉన్నవారికి తప్ప ఎవరికీ ఇవ్వరు. ఈ నియమం తెలియక శనివారం ఉదయం ఫోన్ చేసి నిరాశపడే ఇళ్లు ఉంటాయి.

పాపసంకీర్తనం ముందే ముగించండి

దీనికి ఎక్కువ వివరణ అవసరం లేదు. పవిత్ర వారం మొదలు కాకముందే, అంటే మ్రానికొమ్మల ఆదివారానికి ముందు శుక్ర, శనివారాల్లో వెళ్ళండి. బుధవారం సాయంత్రం వరుస గుమ్మం దాటి ఉంటుంది, లోపల కూర్చున్న గురువు అప్పటికే అలసిపోయి ఉంటారు. మొదటిసారి వెళ్ళే పిల్లలకైతే రద్దీ లేని రోజు మరీ అవసరం.

మ్రానికొమ్మల ఆదివారం

ఈ రోజు ఊరేగింపు ఉంటుంది కాబట్టి చెప్పులు, గొడుగు, నీళ్ళ సీసా సంగతి ముందు రాత్రే చూసుకోండి. పసిపిల్లలను నడిపించాలని పట్టుబట్టకండి. 4వ శతాబ్దం చివర యెరూషలేము వెళ్ళిన ఎజేరియా అనే యాత్రికురాలు అక్కడి పవిత్ర వారాన్ని తన రాతల్లో వర్ణించింది. నడవలేని పసివారిని తల్లిదండ్రులు భుజాల మీద ఎక్కించుకుని, ఖర్జూర మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకుని ఒలీవ కొండ నుంచి నగరంలోకి వచ్చేవారని, జనం అలసిపోకుండా ఊరేగింపు మెల్లగా సాగేదని ఆమె రాసింది. బిడ్డను భుజాన వేసుకుని వెనకబడి నడిచే తండ్రికి పదహారు వందల ఏళ్ల నాటి తోడు ఉందన్నమాట.

ఈ పూజలో శ్రమల వృత్తాంతం మొత్తం చదువుతారు. ఏడాదిని బట్టి అది మత్తయి, మార్కు, లూకా సువిశేషాల్లో (సువార్తల్లో) ఒకదాని నుంచి ఉంటుంది. 2026లో మత్తయి, 2027లో మార్కు. యోహాను రాసిన శ్రమల వృత్తాంతాన్ని ప్రతి ఏటా శుక్రవారానికే ఉంచుతారు. చదవగలిగిన పిల్లలు ఉంటే శనివారం రాత్రి ఆ అధ్యాయాలు ఇంట్లో ఒకసారి చదివించండి. కథ ముందే తెలిసిన పిల్లవాడు మర్నాడు అంతసేపు నిలబడినా విసుక్కోడు, తరువాత ఎవరు మాట్లాడతారా అని ఎదురుచూస్తాడు.

ఇంటికి తెచ్చిన మట్టలు దీవించినవి కనుక చెత్తలో వేయకూడదు. సిలువ పటం వెనుక దోపి ఉంచండి, నిరుటివి ఉంటే తీసి విడిగా పెట్టండి. వచ్చే ఏడు విభూతి బుధవారానికి ముందు గుడిలో పాత మట్టలు అడుగుతారు, వాటిని కాల్చిన బూడిదనే నుదుట పెడతారు.

సోమ, మంగళ, బుధవారాలు ఇంటి కోసం

వారం నిలబడేదీ కూలేదీ ఈ మూడు రోజుల్లోనే. గుడిలో పెద్ద సాంగ్యాలు లేని ఈ మూడు రోజులను మనం సాధారణంగా ఖాళీ రోజులుగా భావించి, ఇంటి పనులన్నీ శనివారం పగటికి వాయిదా వేస్తాం. శనివారం ఇల్లు దులిపి, బట్టలు ఇస్త్రీ చేసి, బజారుకు వెళ్ళివచ్చి, సాయంత్రానికి నడుం పట్టేసిన స్థితిలో జాగరణకు వెళ్తే, మొదటి పఠనానికే కళ్ళు మూతపడతాయి.

సోమవారం బట్టలు చూడండి. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం ఎవరు ఏవి వేసుకుంటారో వేర్వేరుగా తీసి, చిరుగులు, ఊడిన గుండీలు అప్పుడే సరిచేయండి. పీఠసేవకుడి అంగీ నిరుటికంటే పొట్టి అయి ఉంటుంది, దాన్ని సోమవారం తొడిగి చూస్తేనే మార్చుకునే వ్యవధి ఉంటుంది. గురువారం పాదాలు కడిగించుకునే వారిలో మీ ఇంటి మనిషి ఉంటే సులువుగా విడిచే చెప్పులు వేయండి. కాళ్ళకు బిగుతైన బూట్లు తొడిగి, గురువు పళ్ళెంతో మోకరించిన తరువాత ముడులు విప్పడం ఎవరికీ బాగుండదు. అన్నట్టు, ఈ సాంగ్యానికి పురుషులనే కాక స్త్రీలను కూడా ఎంచుకోవచ్చని 2016 జనవరిలో వచ్చిన ఆదేశం స్పష్టం చేసింది, కాబట్టి అమ్మాయిని అడిగినా ఆశ్చర్యపోకండి.

మంగళవారం ఇల్లు శుభ్రం, పండుగకు కావలసిన సరుకులు. బుధవారం మందులు, ఇంధనం, పసిబిడ్డ అవసరాలు, ఉద్యోగంలో మిగిలిన పని. ఇదంతా అయ్యాక బుధవారం రాత్రి ఇంకేదైనా మిగిలితే, దాన్ని పండుగ తరువాతకు వదిలేయండి. కిటికీ తెరలు ఉతకకపోయినా పునరుత్థాన పండుగ వస్తుంది.

ఈ మూడు రాత్రులూ భోజనానికి ముందు ఆనాటి సువిశేషం ఒకరు చదివితే చాలు, ప్రసంగం అక్కర లేదు. సోమవారం బెతానియాలో మరియ ప్రభువు పాదాలకు పరిమళ తైలం పూసిన ఘట్టం, మంగళవారం శిష్యుల మధ్య ద్రోహాన్ని గురించి ప్రభువు చెప్పిన మాట, బుధవారం యూదా ముప్పది వెండి నాణెములకు ఒప్పుకున్న ఘట్టం వస్తాయి. మూడింట్లోనూ యూదా ఉన్నాడని పిల్లలు తామే గమనిస్తారు.

మేత్రాసనంలోని (ఒక బిషప్పు పరిధిలోని) గురువులందరూ కలిసే, పవిత్ర తైలాలను దీవించే తైలాల పూజ గురువారం ఉదయం ఉండాలి, అయితే దూరాలను బట్టి చాలాచోట్ల అంతకు ముందే జరుపుతారు. ఆ రోజు మీ విచారణ గురువు ఊళ్ళో ఉండరు, మీ పనులు అందుకు తగ్గట్టు పెట్టుకోండి.

గురువారం

సాయంత్రం పూజకు రెండు గంటల ముందే భోజనం ముగించండి, దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం ఎలాగూ ఉండాలి. "మహోన్నతమున" అనే స్తుతిగీతం పాడేటప్పుడు గంటలన్నీ మోగుతాయి, ఆ తరువాత జాగరణలో మళ్ళీ అదే పాట వచ్చేదాకా మోగవు. పిల్లలకు ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంచితే, రెండు రోజుల పాటు గుడిలో గంట వినబడనప్పుడల్లా వారికి గుర్తుకొస్తుంది.

పూజ ముగిశాక దివ్యసత్ప్రసాదాన్ని వేరే పీఠానికి ఊరేగింపుగా తీసుకువెళ్తారు, ప్రధాన పీఠం మీది వస్త్రాలు తీసేస్తారు. ఆరాధన అర్ధరాత్రి వరకు ఉంటుంది. ఇక్కడ కుటుంబమంతా కలిసి కూర్చోవాలన్న పట్టుదల వద్దు. చిన్నపిల్లలతో పావుగంట మౌనంగా కూర్చుని ఇంటికి వెళ్ళండి, పెద్దల్లో ఒకరు తరువాత ఒంటరిగా తిరిగి రావచ్చు. మర్నాడు చేయవలసిన ఉపవాసాన్ని, నిలబడవలసిన గంటలను తలుచుకుంటే, గురువారం రాత్రి ఇల్లంతా మేలుకోవడం తెలివైన పని కాదు. ఎజేరియా రాతల్లోనూ ఇలాంటి ఘట్టం ఉంది. రాత్రంతా ప్రార్థిస్తూ నడిచిన జనాన్ని తెల్లవారాక, ఇళ్లకు వెళ్ళి కాసేపు కూర్చుని మళ్ళీ రమ్మని మేత్రాణులే (బిషప్పే) పంపించేవారట.

శుక్రవారం

ఉపవాసం ఎవరికి అన్నది ముందు తేల్చుకోండి. 18 ఏళ్ళు నిండిన వారి నుంచి 59 నిండే వరకు ఉపవాసం విధి, మాంస వర్జనం 14 ఏళ్ళు నిండిన అందరికీ విధి. ఉపవాసమంటే రోజుకు ఒక పూర్తి భోజనం, దానితో పాటు రెండు వేళల్లో కొద్దిపాటి ఆహారం. ఆ రెండూ కలిపినా పూర్తి భోజనానికి సమానం కాకూడదు. నీళ్ళకు, మందులకు అడ్డు లేదు. రోగులకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఉపవాసం వర్తించదు. మధుమేహానికి మందు వాడుతున్న తాత గారు "నేను ఎప్పుడూ మానలేదు" అని మొండికేస్తే, మీరు వాదించడం కంటే విచారణ గురువు చేత ఒక మాట చెప్పించడం సులభం.

వేళల విషయంలో నా సలహా ఇది. ఉదయం కొద్దిగా, పదకొండున్నర ప్రాంతంలో మరికొద్దిగా తిని, పూర్తి భోజనాన్ని సాంగ్యం నుంచి తిరిగి వచ్చాక పెట్టుకోండి. సాధారణంగా మూడు గంటలకు మొదలయ్యే ఈ సాంగ్యంలో యోహాను సువిశేషం 18, 19 అధ్యాయాలు నిలబడి వినాలి, తరువాత పది మహా ప్రార్థనలకు మోకరిస్తూ లేస్తూ ఉండాలి, ఆపైన సిలువ ఆరాధనకు వరుసలో నిలబడాలి. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వచ్చినవారు కళ్ళు తిరిగి కూలబడేది ఆ వరుసలోనే. ఉద్యోగం వల్ల మూడు గంటలకు రాలేనివారు పక్క విచారణల వేళలు చూడండి, కొన్ని చోట్ల సాయంత్రం జరుపుతారు.

ఆ రోజు సాంగ్యమే గానీ పూజ (దివ్యబలి) ఉండదు. పీఠం మీద వస్త్రం, కొవ్వొత్తులు ఏవీ ఉండవు. గురువు మౌనంగా వచ్చి పీఠం ఎదుట నేల మీద బోర్లా పడుకుంటారు. ముందే చెప్పకపోతే చిన్నపిల్లలు జడుసుకుని "ఫాదర్ పడిపోయారు" అని అరుస్తారు. బయలుదేరే ముందే ఆ సంగతి చెప్పండి. సిలువను ముద్దు పెట్టుకోవడానికి బిడియపడే పిల్లలను ముందుకు నెట్టకండి, తల వంచి నమస్కరించినా చాలు.

ఉదయం సిలువమార్గం, మధ్యాహ్నం సాంగ్యం, రాత్రి మరో ఊరేగింపు ఉన్న విచారణల్లో మూడింటికీ వెళ్ళాలని ఎవరూ శాసించలేదు. పిల్లలతో పద్నాలుగు స్థలాల సిలువమార్గాన్ని ఇంట్లోనే, ఒక్కో స్థలం ఒక్కొక్కరు చదువుతూ ముగించవచ్చు. మధ్యాహ్నపు సాంగ్యాన్ని మాత్రం వదలవద్దు.

శనివారం పగలు, రాత్రి

పగలు ఏ పనీ పెట్టుకోకుండా, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నిద్రపోవడం శనివారపు ముఖ్యమైన కార్యక్రమం. నిద్ర పట్టకపోయినా గది చీకటి చేసి పడుకోబెట్టండి. ఇది సోమరితనం కాదు, రాత్రి కోసం సన్నాహం.

జాగరణ చీకటి పడ్డాకే మొదలై ఆదివారం తెల్లవారే లోపు ముగియాలన్నది నియమం. ఒకప్పుడు ఈ సాంగ్యం శనివారం ఉదయమే జరిగిపోయేది. 12వ భక్తినాథ పాపు గారు (పోప్ 12వ పయస్) 1951లో ప్రయోగంగా రాత్రికి మార్చి, 1955లో పవిత్ర వార సంస్కరణలో దాన్ని స్థిరపరిచారు. బాగా పెద్ద వయసువారు "మా చిన్నప్పుడు పొద్దున్నే అయిపోయేది" అంటే అది నిజమే.

కొత్త నిప్పు రాజేసిన తరువాత పాస్క వత్తి అనే పెద్ద కొవ్వొత్తి నుంచి అందరి కొవ్వొత్తులూ వెలుగుతాయి. చిన్న మెలకువ ఒకటి గుర్తుంచుకోండి. వెలుగుతున్న కొవ్వొత్తిని నిటారుగానే పట్టుకోవాలి, వెలిగించవలసిన దాన్నే దాని వైపు వంచాలి. చాలామంది దీనికి తిరగేసి చేయడం వల్ల కరిగిన మైనం పక్కవారి చేతి మీద, పట్టు బట్టల మీద పడుతుంది. కొవ్వొత్తికి అట్టముక్కతో చేసిన గుండ్రటి పళ్ళెం తొడిగి ఇవ్వండి. జడలు, ఓణీలు ముందుకు వేలాడకుండా వెనక్కి వేయండి. ఐదేళ్ళ లోపు పిల్లల చేతికి వెలిగించిన కొవ్వొత్తి వద్దు, మీ చేతి మీద చెయ్యి వేయించుకుంటే వారికి అదే సంబరం.

పాత నిబంధన నుంచి ఏడు, కొత్త నిబంధన నుంచి రెండు పఠనాలు ఉంటాయి. కొన్ని తగ్గించే వీలు గురువుకు ఉంది గానీ, ఎర్ర సముద్రాన్ని దాటిన నిర్గమ కాండం ఘట్టాన్ని మాత్రం వదలకూడదు. జ్ఞానస్నానాలు కూడా ఉంటే మొత్తం మూడు గంటలు దాటవచ్చు. పిల్లలకు కునుకు వస్తే ఒడిలో పడుకోనివ్వండి, "మహోన్నతమున" వేళకు మాత్రం లేపండి. గంటలు మోగి, దీపాలన్నీ వెలిగే ఆ క్షణాన్ని నిద్రలో పోగొట్టుకున్నామని తెలిస్తే పొద్దున ఏడుస్తారు. కూర్చునేటప్పుడు వరుస చివర, తలుపుకు దగ్గరగా చోటు చూసుకోండి. తిరుగు ప్రయాణానికి వాహనం ఎవరు నడుపుతారో ముందే అనుకోండి, ఆ మనిషి పగలు తప్పక నిద్రపోయి ఉండాలి.

ఆదివారం, ఆ తరువాత

జాగరణకు వెళ్ళినవారు ఆదివారం పగటి పూజకు మళ్ళీ రావలసిన విధి లేదు, వస్తే దివ్యసత్ప్రసాదం మళ్ళీ స్వీకరించవచ్చు. ఇంట్లో ఉండిపోయిన వారిని మాత్రం పగటి పూజకు తీసుకువెళ్ళండి, ఈసారి ఇల్లు చూసుకోవడం జాగరణకు వెళ్ళినవారి వంతు. బంధువులను మధ్యాహ్న భోజనానికి పిలిచే అలవాటు ఉన్నా, దాన్ని సాయంత్రానికి గానీ సోమవారానికి గానీ మార్చడం మేలు. పండుగ ఒక్క రోజుతో పోదు. ఎనిమిది రోజులు పెద్ద పండుగగా, పెంతెకోస్తు వరకు యాభై రోజులు పాస్క కాలంగా సాగుతుంది కనుక తొందరేమీ లేదు.

సోమవారం పీఠసేవకుడి అంగీకి అంటిన మైనం తీయాలి. ముందు మంచు ముక్కతో గట్టిపరిచి గీకండి, మిగిలిన మరకకు పైనా కిందా కాగితం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె నడిపించండి. గీతబృందం వారు తరువాతి ఆదివారానికి కొత్త పాట సాధన ఉందని ఫోన్ చేస్తే, బుధవారం వరకు ఆగమనండి.